యార్క్‌షైర్ తీరంలో కూలుతున్న పిల్‌బాక్స్‌లు: మిగిలినవి చూసి వేసే లెక్క ఎందుకు తప్పుతుంది

ఇంగ్లండ్ తూర్పు తీరంలో, యార్క్‌షైర్‌లోని హల్ నగరానికి అవతల, హోల్డర్‌నెస్ అనే పల్లపు ప్రాంతం ఉంది. ఉత్తరాన ఫ్లాంబరో హెడ్ దగ్గరి సుద్దరాతి కొండల నుంచి దక్షిణాన హంబర్ నది ముఖద్వారంలోకి వంగి చొచ్చుకెళ్లిన స్పర్న్ ఇసుకమేట దాకా సుమారు 60 కిలోమీటర్ల తీరం. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి వెళ్లాక ఈ బీచ్‌లో చాలాచోట్ల కాంక్రీటు బయటపడుతుంది. నాచు పట్టిన ఘనాకారపు దిమ్మెలు, ఒక పక్కకు ఒరిగిన చిన్న గదులు, కొన్నిచోట్ల పూర్తిగా తలకిందులై పైకప్పు ఇసుకలో కూరుకుపోయిన గదులు. ఇవన్నీ 1940లో జర్మన్ సైన్యం సముద్రం దాటి వచ్చి దిగుతుందన్న భయంతో హడావిడిగా కట్టినవి. గదుల పేరు పిల్‌బాక్స్‌లు. లోపల కొద్దిమంది సైనికులు నిలబడి, గోడలోని ఇరుకు కన్నాల్లోంచి మెషిన్ గన్‌తోనో రైఫిల్‌తోనో కాల్చడానికి వీలుగా ఉంటాయి. ఘనాకారపు దిమ్మెలు ట్యాంకులకు అడ్డం వేసినవి.

వీటి ప్రస్తావన ఎప్పుడు వచ్చినా ‘ఎలా కాపాడాలి’ అనే ప్రశ్నతోనే మొదలవుతుంది. నిజానికి వీటిని ఉన్నచోట కాపాడటం దాదాపు కుదరని పని, కుదిరినా చేయకూడని పని. అంతకంటే పట్టించుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఈ శిథిలాలు చూపిస్తున్నది ఆనాటి రక్షణ వ్యవస్థలో వెనక వరసను. ముందు వరస చాలావరకు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది. కళ్లముందున్నదే మొత్తం అనుకుని చరిత్ర రాస్తే తప్పు చరిత్ర రాసినట్టే.

1940 మే 26 నుంచి జూన్ 4 వరకు డంకిర్క్ నుంచి బ్రిటిష్ సైన్యాన్ని ఓడల్లో వెనక్కి తెచ్చారు. మనుషులు వచ్చారు గానీ ట్యాంకులు, ఫిరంగులు, లారీలు దాదాపు అన్నీ ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాయి. జూన్ 22న ఫ్రాన్స్ లొంగిపోయింది. స్వదేశ సేనల అధిపతిగా అప్పుడే బాధ్యత తీసుకున్న జనరల్ ఎడ్మండ్ ఐరన్‌సైడ్ చేతిలో కదిలే బలగం పెద్దగా లేదు. కదిలే బలం లేనప్పుడు కదలని అడ్డంకులే దిక్కు. తీరం పొడవునా గట్టి పెంకులాంటి రక్షణ, దాని వెనక దేశం లోపలికి పోయేకొద్దీ వరసలు వరసలుగా ట్యాంకు కందకాలు, పిల్‌బాక్స్‌లు: ఇదీ ఆయన పథకం. యుద్ధశాఖలోని కోటల నిర్మాణ విభాగం జూన్‌లోనే ప్రామాణిక నమూనాలు గీసి పంపింది. ఆరు మూలల టైప్ 22, ఒక వైపు పొడుగ్గా ఉండే టైప్ 24, గుండ్రంగా ఉండే టైప్ 25, ఇలా. బ్రిటన్ మొత్తం మీద ఇలాంటి గట్టి కట్టడాలు సుమారు 28,000 కట్టారని అంచనా. అందులో ఎక్కువ భాగం ఆ వేసవి, శరత్కాలాల్లోనే లేచాయి. జూలైలో ఐరన్‌సైడ్ స్థానంలో వచ్చిన జనరల్ అలన్ బ్రూక్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. సైనికులను కాంక్రీటు గదుల్లో కూర్చోబెట్టడం కంటే, ఎక్కడ దాడి జరిగితే అక్కడికి ఉరికే బలగాలు ముఖ్యమని ఆయన అభిప్రాయం. అంటే ఈరోజు తీరంలో కనిపిస్తున్న కాంక్రీటు చాలావరకు కొద్ది నెలలు మాత్రమే నడిచిన ఒక ఆలోచనకు గుర్తు.

జర్మన్ల అసలు పథకం, ‘సీ లయన్’ అని పిలిచిన ఆపరేషన్, దక్షిణాన కెంట్, ససెక్స్ తీరాల మీద గురిపెట్టింది. హిట్లర్ దాన్ని సెప్టెంబర్ 17న నిరవధికంగా వాయిదా వేశాడు. మరి ఎక్కడో ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్‌లో ఇంత కాంక్రీటు ఎందుకు? అప్పటికి నార్వే, డెన్మార్క్, హాలండ్ మూడూ జర్మనీ చేతిలో ఉన్నాయి. ఉత్తర సముద్రానికి అవతలి ఒడ్డంతా శత్రువుదే. బ్రిడ్లింగ్టన్ నుంచి దక్షిణంగా చదునైన ఇసుక బీచ్‌లు, వెనక ట్యాంకులు సులువుగా పరిగెత్తే సమతల పొలాలు, దక్షిణం కొసన హల్ అనే పెద్ద ఓడరేవు. సముద్రం మీంచి చూసే సేనాపతి కళ్లతో చూస్తే ఇది దిగడానికి అనువైన చోటే. ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఏం అనుకుంటున్నారో లండన్‌లో ఎవరికీ తెలియదు. తర్వాత తెలిసిన సంగతులతో ఆనాటి భయాన్ని చిన్నచూపు చూడటం న్యాయం కాదు.

కట్టిన తీరులోనే ఆ తొందర కనిపిస్తుంది. స్థానిక కాంట్రాక్టర్లకు పనులు అప్పగించారు. కలపకు కొరత, ఇనుముకు కొరత. సెంట్రింగ్ చెక్కలు దొరికిన చోట చెక్కలతో, దొరకని చోట బయట ఇటుక గోడ లేపి దాని లోపల కాంక్రీటు పోశారు. ఆ ఇటుక అలాగే ఉండిపోయింది. చెక్కలు వాడిన గోడల మీద పలకల గీతలు, కొయ్య నరాలు ఇప్పటికీ అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. విరిగిన చోట దగ్గరగా చూస్తే కంకర బదులు నున్నటి గుండ్రాళ్లు కూడా ఉంటాయి. పోత ఒకేసారి పూర్తికాని చోట రెండు పొరల మధ్య అతుకు గీత తెలుస్తుంది. తర్వాత పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. గోడ మందం కూడా అన్నిటికీ ఒకటి కాదు. సుమారు 30 సెంటీమీటర్లు ఉంటే తూటాను ఆపడానికి, మీటరు దాటితే ఫిరంగి గుండును తట్టుకోవడానికి. ఈ ప్రాంతంలో సామాన్య నమూనాలకు తోడు, రెండు కొసలూ కోసుగా ఉండి పొడుగ్గా సాగిన ఒక స్థానిక రకం కూడా తరచుగా కనిపిస్తుంది. దేశమంతటికీ నమూనాలు ఇచ్చినా, క్షేత్రంలో ఉన్న ఇంజనీర్లు తమ తీరానికి తగ్గట్టు మార్చుకున్నారనడానికి ఇది సాక్ష్యం.

ఆ రక్షణ వ్యవస్థలో కాంక్రీటు ఒక భాగం మాత్రమే. బీచ్‌ల మీద ముళ్లతీగల చుట్టలు, ఇనుప పైపులతో కట్టిన అడ్డుకంచెలు, ఇసుకలో మందుపాతరలు, కందకాలు, ఇసుకబస్తాలు. లెక్కలో ఎక్కువ ఇవే. సైనికుల రోజువారీ బతుకు కూడా ఎక్కువగా వీటి మధ్యే గడిచింది. వీటిలో ఏదీ మిగల్లేదు. తీగను, పైపులను యుద్ధం అయ్యాక ఊడబెరికి పాత ఇనుముగా అమ్మేశారు, కందకాలు పూడ్చేశారు. మందుపాతరల ఏరివేత ప్రాణాలు తీసిన పని. కోతకు గురయ్యే తీరాల్లో అది మరీ కష్టం. ఇసుక కదిలి, చరియలు విరిగి, పాతినప్పుడు గీసిన పటానికీ మందుపాతర ఉన్న చోటుకూ పొంతన ఉండేది కాదు. నార్ఫోక్‌లోని ట్రిమింగ్‌హామ్ దగ్గర ఇలాంటి ఇబ్బంది వల్లే యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు దాటినా బీచ్‌ను జనానికి తెరవలేకపోయారు.

ఇక హోల్డర్‌నెస్ నేల సంగతి. ఇది రాతి తీరం కాదు. గత మంచుయుగంలో హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలేసిన బంకమట్టి, అందులో ఇరుక్కున్న రాళ్లు. సముద్రంవైపు ఇది కొన్నిచోట్ల రెండు మూడు మీటర్లు, కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైగా ఎత్తున్న మట్టి గోడలా నిలబడి ఉంటుంది. శీతాకాలం వానకు మట్టి నాని బరువెక్కుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే పెద్ద అలలు గోడ అడుగును తొలిచేస్తాయి, పునాది కింద పందికొక్కు తవ్వినట్టు. పైనుంచి పెద్ద పెళ్ల జారి పడుతుంది. పడిన మట్టిని అలలు కొద్ది వారాల్లో కడిగేసి మళ్లీ అడుగు తొలవడం మొదలుపెడతాయి. కడిగిన దానిలో ఎక్కువ భాగం సన్నటి బురద, అది నీళ్లలో కలిసి దూరం పోతుంది. బీచ్‌లో నిలిచే ఇసుక తక్కువ. అందుకే గోడకు రక్షణగా నిలిచే ఇసుక మేట ఎప్పటికీ తగినంత పేరుకోదు. పైగా ఈ తీరానికి ఇంకో లక్షణం ఉంది. బీచ్‌లో ఇసుక బాగా పల్చబడిన లోతట్టు భాగాలు ఏర్పడి, ఏటా కొన్ని వందల మీటర్ల చొప్పున దక్షిణానికి జరుగుతుంటాయి. ఆ పల్లం ఎవరి పొలం ముందుకు వస్తే ఆ ఏడు వారి గట్టు ఎక్కువగా విరుగుతుంది.

సగటున కోత ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు. యూరప్‌లో ఇంత వేగంగా వెనక్కి జరిగే తీరాలు అరుదు. రోమన్ల కాలం నుంచి సుమారు 5 కిలోమీటర్ల వెడల్పు భూమి, దాంతోపాటు ముప్పై దాకా పల్లెలు, ఊళ్లు పోయాయి. స్పర్న్ దగ్గర వెలిగిన రావెన్సర్ ఆడ్ అనే రేవు పట్టణం 14వ శతాబ్దంలో పూర్తిగా మునిగింది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 1940 నుంచి 85 ఏళ్లు దాటాయి. ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లంటే మొత్తం 130 నుంచి 170 మీటర్లు. అంటే ఈరోజు మట్టిగట్టు అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా వేలాడుతున్న పిల్‌బాక్స్, కట్టిన రోజున సముద్రానికి వంద మీటర్లకు పైగా లోపల ఉంది. దాని ముందు పొలం ఉండేది. దాని పని బహుశా గట్టెక్కి లోపలికి వచ్చినవాళ్లను ఆపడం, లేదా బీచ్‌కు దిగే దారిని పక్కనుంచి కాపు కాయడం. అంచున నిలబడి నేరుగా బీచ్ మీదికి కాల్చడానికి కట్టినవి ఇప్పుడు ఆటులో మాత్రమే కనిపించే చోట పడి ఉన్నాయి, లేదా ఆటులో కూడా కనిపించవు. తెలియకుండా చూసేవాళ్లు అంచున ఉన్నదాన్ని చూసి ‘సముద్రానికి ఎదురుగా భలే కట్టారు’ అనుకుంటారు. ఆ ఎదురు సముద్రం తెచ్చుకున్నది, కట్టినవాళ్లు పెట్టింది కాదు. మ్యాపు లేకుండా, 1940ల నాటి విమాన ఛాయాచిత్రాలు పక్కన పెట్టుకోకుండా ఈ తీరాన్ని చదవడం మొదలుపెడితే ప్రతి కట్టడానికీ తప్పు ఉద్యోగం అంటగడతాం.

దీనికి మంచి ఉదాహరణ కిల్న్‌సీ. స్పర్న్ మొదట్లో ఉండే ఈ ఊరి పక్కన మొదటి ప్రపంచ యుద్ధంలో గాడ్విన్ బ్యాటరీ అనే ఫిరంగి స్థావరం కట్టారు. 9.2 అంగుళాల భారీ ఫిరంగులు రెండు. హంబర్ ముఖద్వారంలోకి వచ్చే యుద్ధనౌకలను దూరం నుంచే కొట్టడానికి. రెండో యుద్ధంలోనూ ఈ స్థలాన్ని సైన్యం వాడుకుంది. ఇప్పుడు ఆ ఫిరంగి వేదికల కాంక్రీటు బీచ్ మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ఒక్కో ముక్క లారీ అంత. గుండ్రంగా తిరిగే ఫిరంగికి చేసిన వంపు అంచు ఒక ముక్కలో ఉంటే, దానికి జతకావాల్సిన వంపు ఇంకెక్కడో వేరే కోణంలో ఉంటుంది. అదే ఊళ్లో కాస్త లోపల, పొలం మధ్యలో, సుమారు నాలుగున్నర మీటర్ల ఎత్తున్న కాంక్రీటు ‘శబ్ద దర్పణం’ ఇంకా నిటారుగా నిలిచి ఉంది. రాడార్ లేని రోజుల్లో, జెప్పెలిన్లనే జర్మన్ గాలిఓడల ఇంజన్ మోతను పల్లెంలా పల్లమైన గోడతో ఒక బిందువుకు చేర్చి వినడానికి దాన్ని కట్టారు. రెండూ ఒకే యుద్ధంలో, ఒకే ఊళ్లో కట్టినవే. ఒకటి ముక్కలైంది, ఒకటి చెక్కుచెదరలేదు. తేడా కాంక్రీటు నాణ్యతలో లేదు, సముద్రం నుంచి ఉన్న దూరంలో ఉంది.

ఉత్తరంగా ఆల్డ్‌బరో దగ్గర రింగ్‌బరోలో రెండో యుద్ధకాలపు తీర ఫిరంగి స్థావరం ఉండేది. దాని కట్టడాలు కూడా ఒక్కొక్కటే అంచు దాటి కింద పడుతూ వచ్చాయి.

పిల్‌బాక్స్ పడే తీరు గమనిస్తే దాన్ని కొలబద్దగా ఎలా వాడుకోవచ్చో, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. పునాది లోతు తక్కువ, గది బరువు టన్నుల్లో. అడుగున సగం మట్టి పోయేదాకా అది కదలదు. ఆ తర్వాత ముందుకు ఒరుగుతుంది, జారే పెళ్లతో పాటు దిగుతుంది. కొన్నిసార్లు నిలువుగానే బీచ్‌కు చేరుతుంది, కొన్నిసార్లు పల్టీ కొడుతుంది. కిందికి వచ్చాక మాత్రం అలలు దాన్ని పెద్దగా అటూ ఇటూ జరపలేవు. గట్టు వెనక్కి పోతుంది, గది అక్కడే ఉండిపోతుంది. కాబట్టి గదికీ నేటి గట్టుకీ మధ్య దూరం, అది పడినప్పటి నుంచి తీరం ఎంత వెనక్కి పోయిందో సుమారుగా చెబుతుంది. పడిన ఏడాది తెలిస్తే లెక్క ఇంకా గట్టిపడుతుంది. ఈస్ట్ రైడింగ్ కౌన్సిల్ 1951 నుంచి తీరం పొడవునా సుమారు 500 మీటర్లకు ఒకటి చొప్పున గుర్తు స్తంభాలు పాతి, స్తంభానికీ అంచుకీ దూరం కొలుస్తూ వచ్చింది. ఇప్పుడు జీపీఎస్, విమానం నుంచి లేజర్ సర్వేలు చేస్తున్నారు. 1951కి ముందు దశాబ్దానికి మాత్రం యుద్ధకాలపు మ్యాపుల్లో చోటు ఖాయంగా తెలిసిన ఈ కాంక్రీటు గదులు మంచి ఆధారాలు.

బీచ్ మీదికి చేరిన కాంక్రీటుకు ఉప్పునీరు రెండో శత్రువు. పగుళ్లలోంచి ఉప్పు లోపలి ఇనుప చువ్వలను చేరితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. పెచ్చులూడి చువ్వలు పైకి పొడుచుకొస్తాయి. ఆటులో నడిచేవారికి, పోటులో ఈదేవారికి ఇవి నిజమైన ప్రమాదం.

మరి గట్టుకు రక్షణ గోడ కట్టి ఈ కట్టడాలను నిలబెట్టలేరా? ఈ తీరం దీనికి జవాబు ఒకసారి చెప్పింది. 1991లో మాపుల్టన్ అనే పల్లెను, దాని మీదుగా పోయే రోడ్డును కాపాడటానికి సుమారు 20 లక్షల పౌండ్ల ఖర్చుతో రెండు రాతి గట్లు సముద్రంలోకి కట్టారు. పల్లె ముందు ఇసుక నిలిచింది, పల్లె నిలిచింది. కానీ ఆ ఇసుక సహజంగా దక్షిణానికి పోవాల్సింది. అది ఆగిపోవడంతో దిగువన కౌడెన్ వైపు పొలాలు, ఇళ్లు మరింత వేగంగా కోతకు గురయ్యాయి. ఇంకా దక్షిణాన స్పర్న్ ఇసుకమేట బతుకుతున్నదే పైనుంచి కొట్టుకొచ్చే ఈ మట్టి, ఇసుక మీద. 2013 డిసెంబర్ 5 నాటి తుపాను పోటులో ఆ మేట మెడ దగ్గర తెగిపోయింది, ఇప్పుడు పెద్ద పోట్లకు నీళ్లు దాన్ని దాటిపోతాయి. ఇలాంటి చోట ఒక ఖాళీ పిల్‌బాక్స్ కోసం అలలకు అడ్డుకట్ట వేయడమంటే, దిగువన మనుషులుండే ఇంటిని బలిపెట్టడమే. బ్రిడ్లింగ్టన్, హార్న్‌సీ, విథర్న్‌సీ లాంటి పట్టణాలకు, ఈసింగ్టన్ గ్యాస్ టెర్మినల్‌కు రక్షణ ఉంచి మిగతా తీరాన్ని సముద్రానికి వదిలేయాలన్న అధికారిక విధానం కఠినమైనదే. పొలాలు, ఇళ్లు పోగొట్టుకునేవారికి తగిన పరిహారం లేకపోవడం అందులో నిజమైన అన్యాయం. పిల్‌బాక్స్‌ల వరకు మాత్రం అది సరైన విధానం.

అలాగని ఊరికే వదిలేయమని కాదు. చేయాల్సిన పని నమోదు. ‘డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్’ ప్రాజెక్టు 1995 నుంచి 2002 వరకు, దాదాపు 600 మంది వాలంటీర్లతో, దేశమంతటా సుమారు 20,000 యుద్ధకాలపు స్థలాలను నమోదు చేసింది. చాలామంది వృత్తి పురావస్తు శాస్త్రవేత్తలు కారు, తమ ఊరి పొలంలో ఉన్నదాన్ని కొలిచి రాసి పంపినవారు. అది గొప్ప పని. కానీ కోత తీరంలో ఒక్కసారి రాస్తే సరిపోదు. ఈ ఏడు నిలువుగా ఉన్నది వచ్చే ఏడు ఒరుగుతుంది, ఆపై ఏడు పల్టీ కొడుతుంది. తీరంలో నడిచే స్థానికులు పదే పదే ఫొటోలు, కొలతలు పంపేలా 2015లో సిటిజాన్ అనే కార్యక్రమం మొదలైంది, అది కూడా కొన్నేళ్లకు నిధుల గడువుతో ముగిసింది. సముద్రం పని ఏటా ఆగదు. దాన్ని నమోదు చేసే పని మాత్రం గ్రాంటు ఉన్నంతకాలమే నడుస్తోంది. ఈ తీరంలో అసలు లోటు ఇదే.

తెలుగు నేలకూ ఇదే కథలో చోటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ముందురోజు కొలంబో మీద దాడి జరిగింది, బంగాళాఖాతంలో జపాన్ నౌకాదళం తిరుగుతోంది. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. సముద్రం మీంచి సైన్యం దిగుతుందన్న భయం ఇక్కడా అంతే నిజం. ఆ కాలపు పిల్‌బాక్స్ విశాఖ ఆర్.కె. బీచ్ ఇసుకలో ఉంది. కొన్నేళ్లు కనిపించకుండా పోతుంది, అలల ఉద్ధృతికి ఇసుక కోసుకుపోయినప్పుడు మళ్లీ పైకి తేలుతుంది, పత్రికల్లో ఫొటో వస్తుంది.

హోల్డర్‌నెస్‌కూ విశాఖకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడి బంకమట్టి పోతే పోయినట్టే, తిరిగి రాదు. విశాఖ బీచ్ ఇసుకది. నైరుతి రుతుపవనాల నెలల్లో ఇసుక ఉత్తరంగా కొట్టుకుపోతుంది, అలలు నెమ్మదించిన నెలల్లో కొంత తిరిగి చేరుతుంది. కాకపోతే ఆ రాకపోకలకు మధ్యలో ఓడరేవు ఉంది. 1933లో మొదలైన రేవుకు 1970లలో ఔటర్ హార్బర్ తోడయ్యాక, దక్షిణం నుంచి రావాల్సిన ఇసుకకు బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపే గట్లు, అడ్డం నిలిచాయి. అందుకే డ్రెడ్జింగ్ చేసి నీటి అడుగు నుంచి తవ్వితీసిన ఇసుకను తెచ్చి బీచ్‌కు పోయాల్సి వస్తోంది. మాపుల్టన్‌లో రెండు రాతి గట్లు చేసిన పనే ఇక్కడ పెద్ద ఎత్తున జరిగింది.

దీనివల్ల విశాఖ పిల్‌బాక్స్‌ను చదవడం యార్క్‌షైర్ వాటికంటే కష్టం. అది బయటపడిందంటే తీరం శాశ్వతంగా వెనక్కి పోయిందని అర్థం కాదు. ఆ సీజన్‌లో ఇసుక ఎంత తగ్గిందో, పోసిన ఇసుక ఎంత నిలిచిందో మాత్రమే అది చెబుతుంది. ఏటా ఒకే నెలలో, ఒకే చోట నిలబడి, దాని పైకప్పు ఇసుక మీద ఎంత ఎత్తున ఉందో కొలిచి పెట్టుకుంటేనే పదేళ్లకు అది పనికొచ్చే లెక్క అవుతుంది. ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇది వాటికి పెద్ద ఖర్చయ్యే పని కాదు. అది బయట ఉన్న రోజుల్లోనే గోడ మందం, పోత అతుకులు, వాడిన కంకర రకం, ఒక్కో కన్నం ఏ దిక్కుకు తెరుచుకుందో కంపాస్ పెట్టి రాసుకోవాలి. కన్నాలు సముద్రంవైపు ఉన్నాయా, బీచ్ పొడవునా ఉన్నాయా అన్నదాన్ని బట్టే 1942లో విశాఖను కాపలా కాసినవాళ్లు శత్రువు ఎటునుంచి వస్తాడని లెక్కేశారో తెలిసేది. గది ఒకసారి ఒరిగి తిరిగిపోయిందంటే ఆ దిక్కు కొలత మళ్లీ దొరకదు.